‘అవతలి గట్టు’ మీద గుడివాడ తీర్పు

కిందటి వారం వినీలను గుడివాడ స్టేషన్లో వదిలాం. బందరు పాసింజరు దిగి ఆమె బయటికి వచ్చేసరికి థియేటర్ యజమాని ఇందిరగారు పంపిన కారు సిద్ధంగా ఉంది. నెలల తరబడి రానంటే రానని మొండికేసిన ప్రకాశరావు ఆ కారు వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు.

ఈ వారమే కొత్తగా చదువుతున్నవారికి రెండు మాటలు. ఇరవై ఏళ్ల కిందట ప్రకాశరావు దివిసీమలో ఒక సినిమా తీశాడు. పేరు ‘అవతలి గట్టు’. పెద్ద హీరో, కొత్త హీరోయిన్. విడుదలనాడు సొంత ఊరివాళ్ల మధ్య కూర్చుని చూసుకుందామని గుడివాడ వచ్చాడు. ఆ రోజు ఇందిరగారి థియేటర్లో హీరో అభిమానులు సీట్లు చింపేశారు. తెర మీదికి సోడాబుడ్లు విసిరారు. మర్నాటికి వాల్‌పోస్టర్లు కూడా లేవు. ప్రకాశరావు మళ్లీ సినిమా జోలికి పోలేదు. ట్యుటోరియల్లో ఇంగ్లీషు చెప్పుకుంటూ ఉండిపోయాడు.

అదే సినిమాని కోడూరు పక్క పల్లెలో చేపల వ్యాపారం చేసుకునే ఇంటి పిల్ల ఒకతి అవనిగడ్డలో అమ్మ ఒళ్లో కూర్చుని చూసింది. తమ రేవు, తమ గట్టు, తమలాంటి మనుషులు అంత పెద్ద తెర మీద కనిపించడం ఆమెకి అదే మొదలు. ఆ పిల్లే వినీల. ఇప్పుడు బందరులో ఫిజియోథెరపిస్టు. ఊరివాళ్ల నడుములు, మోకాళ్లు సరిచేయగా మిగిలిన టైమంతా ‘అవతలి గట్టు’ గొప్ప సినిమా అని ఒప్పించడానికే ఖర్చుపెడుతోంది.

కారు థియేటర్ ఆవరణలో ఆగింది. బందరు ‘ఆదివారం సినిమా’ బృందం నడుపుతున్న పవన్ ముందు దిగి తలుపు తీశాడు. ప్రకాశరావు కదల్లేదు.

“నేను లోపలికి రాను” అన్నాడు.

“ఇంతదూరం వచ్చారు కదండీ సార్” అంది వినీల.

“వస్తానన్నాను, వచ్చాను. లోపల కూర్చుని రెండోసారి తిట్లు తినే ఓపిక నాకు లేదమ్మా. గెలిస్తే వచ్చి పిలు. ఓడిపోతే మీ దోవన మీరు పాసింజరెక్కండి. ఇంకెప్పుడూ ఆ సినిమా పేరు పట్టుకుని నా గుమ్మంలోకి రావద్దు.”

వినీల తలూపింది. ఆయన దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆయనది ఒకటే షరతు. ఆ సినిమా కథ, సీన్లు, పాటలు, ఏ ముక్కా తన ఎదుట ఎత్తకూడదు. ఆమె ఆ మాట దాటలేదు. ఆయనకి ఇష్టమైన కాఫీ గురించీ, ట్యుటోరియల్ పిల్లల స్పెల్లింగుల గురించీ మాట్లాడి మాట్లాడి ఇంతవరకూ తీసుకొచ్చింది.

లోపల హాలు సగానికి పైగా నిండింది. ఇందిరగారు ఏటా ఒక ఆదివారం పొద్దున థియేటర్ని అభిమానులకి వదిలేస్తారు. దానికి ‘సినిమా పంచాయితీ’ అని పేరు. ఆడని సినిమా ఒకటి తీసుకుంటారు. ఒకరు దాని తరఫున, ఒకరు దానికి ఎదురుగా మాట్లాడతారు. తర్వాత చీటీల మీద ఓట్లు. సినిమా గెలిస్తే వచ్చే శుక్రవారం నుంచి అదే తెర మీద ఆడుతుంది. ఓడితే ఇంక దాని ఊసే ఎత్తకూడదు. ఇంతవరకూ గెలిచిన సినిమా ఒక్కటీ లేదు. ఎందుకంటే ఎదుటి పక్షం ప్రతిసారీ నాగభూషణరావుగారిదే.

ఎరువుల కొట్టు యజమాని. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. ఒకప్పుడు ఆ హీరో అభిమాన సంఘానికి అధ్యక్షుడు. ఆయన మైకు పట్టుకుంటే గుడివాడవాళ్లు ముందే నవ్వడానికి సిద్ధమైపోతారు.

“నాకు ఈ సినిమా మీద కోపం లేదండీ” అని మొదలుపెట్టాడు నాగభూషణరావు. “బాధ. ఇంటర్వెల్ దాకా బాగుంది, ఒప్పుకుంటా. పడవ పాట బాగుంది, అదీ ఒప్పుకుంటా. మా హీరో వంతెన కట్టడానికొచ్చిన ఇంజనీరు. పడవ నడిపే నాంచారి మీద మనసు పడ్డాడు. వంతెన లేస్తే ఆ పిల్ల పడవకి పనుండదు. బ్రహ్మాండమైన ముడి! మేం అందరం సీట్ల అంచుల మీదికి వచ్చేశాం. ఇప్పుడు మావాడు ఏదో చేస్తాడు అనుకున్నాం. ఏం చేశాడు? నాతో వచ్చెయ్ అన్నాడు. ఆ పిల్ల రానంది. సరేలే అని లాంచీ ఎక్కి చక్కా వెళ్లిపోయాడు! ఆ పిల్ల గట్టు మీద నిలబడింది. హాల్లో లైట్లు వెలిగాయి. ఇంటికి పొండి అన్నారు!”

హాలు ఘొల్లున నవ్వింది.

“నవ్వకండి. నేను ఆ రోజు ఏడ్చాను” అన్నాడాయన. “ఆడపిల్లని గట్టు మీద వదిలేసి పారిపోయే పిరికివాడా మా హీరో? ఆయన కటౌట్‌కి నేను నా చేత్తో దండ వేశానండీ ఆ పొద్దున. ఆయన పరువు తీసిన సినిమా అది. దాన్ని ఇప్పుడు గొప్ప సినిమా అంటున్నారు. మాకు అర్థం కాలేదుట! బందరువాళ్లకి అర్థమైందిట! అమ్మా వినీలా, ఏం అర్థమైందో చెప్పమ్మా, వింటాం.”

చప్పట్లు, ఈలలు. వినీల స్టేజీ ఎక్కింది. చేతిలో రాసుకొచ్చిన కాగితాలున్నాయి. వాటిలో మొదటి వాక్యమే, ‘ఈ సినిమా ముగింపుని గుడివాడ ప్రేక్షకులు అర్థం చేసుకోలేకపోయారు’ అని. ఇన్నేళ్లుగా ఫోన్లో సినిమా గ్రూపుల్లో గుడివాడవాళ్లతో ఆమె అన్నదల్లా ఆ మాటే. వాళ్లు ‘సినిమా హఠాత్తుగా అయిపోయింది’ అన్నప్పుడల్లా, ‘ఆఖర్లో నిద్రపోయారా’ అని వెటకారం చేసేది.

ఆమె మైకు అందుకుంది. కానీ చదవలేదు. ఆయన అన్నదాంట్లో ‘హాల్లో లైట్లు వెలిగాయి’ అన్న మాట ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. ఒకరిద్దరు ఫోన్లో టైపు చేసి అనడం వేరు, అంత ప్రేమగా సినిమా చూసిన మనిషి ఎదురుగా నిలబడి చెప్పడం వేరు.

“నాగభూషణరావుగారూ, ముందు మిమ్మల్ని ఒకటి అడగొచ్చాండీ?”

“పది అడుగమ్మా.”

“లాంచీ వెళ్లిపోయాక ఏమైంది?”

“చెప్పాగా. లైట్లు వెలిగాయి. సీట్లు చిరిగాయి.”

మళ్లీ నవ్వులు. వినీల నవ్వలేదు.

“గాలివాన రాలేదాండీ?”

“ఏ గాలివాన?”

“సినిమాలో. సముద్రం మీంచి గాలివాన.”

నాగభూషణరావు ముందు వరసలవైపు చూశాడు, ఈ పిల్ల ఏమంటోంది అన్నట్టు. “అమ్మాయ్, నువ్వు వేరే సినిమా గురించి మాట్లాడుతున్నావు.”

వినీల స్టేజీ అంచుదాకా వచ్చింది.

“విడుదలైనప్పుడు ఈ సినిమా చూసినవాళ్లు చేతులెత్తండి.”

హాల్లో నలుమూలలా చేతులు లేచాయి.

“ఇందులో గుడివాడలో చూసినవాళ్లు మాత్రమే ఉంచండి. ఇప్పుడు చెప్పండి, మీలో ఎవరైనా గాలివాన చూశారా?”

ఎత్తిన చేతులన్నీ దిగిపోయాయి.

“అవనిగడ్డలో, బందరులో చూసినవాళ్లు?”

వెనక వరసల్లో చేతులు లేచాయి. కోడూరు నుంచి బస్సులో వచ్చిన ఒక పెద్దావిడ ఏకంగా లేచి నిలబడింది. “ఇదేం చోద్యమండీ! గాలివాన లేకపోవడమేంటి? ఆ పిల్ల ఊరు ఊరంతటినీ పడవలో దాటించలేదూ? మా ఆయన హాల్లోనే దణ్ణం పెట్టాడు. తెరకి!”

అంతే. హాలు రెండయింది. “ఉంది” అని వెనకవాళ్లు, “లేదు” అని ముందువాళ్లు. బంటుమిల్లి నుంచి వచ్చిన ఒకాయన, గూడూరు నుంచి వచ్చిన ఇంకొకాయన కుర్చీల మీంచి వంగి వాదించుకోవడం మొదలెట్టారు. ఇరవై ఏళ్లుగా ఈ సినిమా గురించి కొట్టుకున్న రెండు ఊళ్లవాళ్లూ అసలు చూసింది ఒక సినిమా కాదన్న సంగతి వినీలకి అప్పటికి పూర్తిగా తెలిసొచ్చింది. తను నిద్రపోయారా అని ఎగతాళి చేసిన మనుషులు నిద్రపోలేదు. వాళ్లకి ఆ ముక్క చూపించనే లేదు.

నాగభూషణరావు బల్ల మీద చరిచాడు. “ఆగండి! ఓడిపోతామని తెలిసి కొత్త కథ అల్లకూడదమ్మా. ఇది పంచాయితీ.”

“అల్లడం లేదండీ. గెలిస్తే శుక్రవారం ఆడించడానికి తెప్పించిన కాపీ పైన ప్రొజెక్టర్ రూములో ఉంది. లాంచీ వెళ్లిన దగ్గర్నుంచి వేయమనండి. చూద్దాం.”

“ఓటు కాకుండా తెర మీద సినిమా పడకూడదు. అది ఇక్కడి పద్ధతి.”

“పద్ధతి పెట్టింది మీరే. సడలించాల్సిందీ మీరే.” వినీల కాగితాలు మడిచి బల్ల మీద పెట్టేసింది. “మీరు చూడని సినిమాకి మీరు శిక్ష వేశారేమోనని నా అనుమానం. అది తప్పని తేలితే ఈ మైకులోనే ఒప్పుకుంటాను, మా గ్రూపు మూసేసుకుని వెళ్లిపోతాను. ఓటింగ్ కూడా అక్కర్లేదు. కానీ చూడకుండా మాత్రం మళ్లీ శిక్ష వేయకండి బాబాయిగారూ. ఆ సినిమాకి ఒకసారి చాలు.”

కింద పవన్ తల పట్టుకున్నాడు. గ్రూపు అతని ప్రాణం.

నాగభూషణరావు కాదంటే ఆ పూట అక్కడితో అయిపోయేది. గుడివాడ ఓట్లు ఆయన జేబులో ఉన్నాయి, ఆయన గెలిచేవాడే. కానీ ఆయనకి గెలుపుకంటే హీరో మీద ప్రేమ ఎక్కువ. ఆ హీరో సినిమాలో తను చూడని ముక్క ఎక్కడో ఉందని ఎవరైనా అంటే, చూడకుండా ఎలా ఉండగలడు?

“వెయ్యండి ఇందిరమ్మా” అని స్టేజీ దిగి ముందు వరసలో కూర్చున్నాడు.

లైట్లు ఆరాయి.

లాంచీ వెళ్లిపోయింది. నాంచారి గట్టు మీద నిలబడింది. గుడివాడకి తెలిసిన ఆఖరి బొమ్మ అది. ముందు వరసల్లో ఎవరో ‘ఇదే, ఇదే’ అన్నారు. తెర నల్లబడింది. నాగభూషణరావు వినీలవైపు తిరిగి నోరు తెరవబోయాడు.

అప్పుడు గాలి మోత వినిపించింది.

తెర మీద కొబ్బరిచెట్లు నేలకి వంగాయి. నది సముద్రంలా లేచింది. సగం కట్టిన వంతెన స్తంభాల మధ్య నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. నాంచారి పడవ కట్టు విప్పింది. పిల్లల్ని, ముసలివాళ్లని, మేకల్ని ఎక్కించింది. గెడ నీళ్లలో దించి పడవని నెట్టింది. ఒక్క మాట లేదు, ఒక్క పాట లేదు. ఆమె వెళ్తోంది, దించుతోంది, తిరిగి వస్తోంది. అరచేతులు పగిలి గెడకి రక్తం అంటుకుంది. హాల్లో ఎప్పుడూ ఫోన్లు తీసే కుర్రాళ్లు కూడా తియ్యలేదు.

తెల్లవారింది. ఇవతలి గట్టు మీద ఇంకెవరూ లేరు. నాంచారి ఖాళీ పడవలో కూలబడింది. కెమెరా మెల్లగా తిరిగింది. అవతలి గట్టు మీద, బురదలో, దించిన జనం మధ్యలో, చొక్కా చిరిగి, మోకాళ్లదాకా తడిసి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అందరితోబాటు తనూ ముసలివాళ్లని చేయి పట్టి గట్టు ఎక్కిస్తున్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

హీరో.

ఆయన నీళ్లలోకి నడిచాడు. మొలలోతు, ఛాతీలోతు. ఈదుకుంటూ పడవ దగ్గరికి వచ్చి చేయి చాచాడు. నాంచారి ఆ చేతివైపు చూసింది, ఆయన మొహంవైపు చూసింది, తన గెడ తీసి ఆ చేతిలో పెట్టింది.

అప్పుడు పడింది మొదటి ఈల. హాలు చివర్నుంచి కాదు, ముందు వరస నుంచి. రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని నాగభూషణరావు వేసిన ఈల. మనవలున్న మనిషి కుర్చీ మీదికి ఎక్కాడు. తెల్లచొక్కా జేబులోంచి ఓటు చీటీ లాగి ముక్కలు ముక్కలు చేసి తెర మీదికి విసిరాడు.

“వచ్చాడ్రా! మావాడు వచ్చాడ్రా!”

గుడివాడ లేచింది. బందరు లేచింది. దివిసీమ అంతకుముందే నిలబడి ఉంది. ఓటు వేయాల్సిన చీటీలన్నీ చినిగి గాల్లోకి లేచాయి. కోడూరు పెద్దావిడ పక్కసీటు గుడివాడాయన భుజం పట్టుకుని ఊపేస్తూ, “చెప్పానా, చెప్పానా” అంటోంది. ఆయన కళ్లు తుడుచుకుంటూ అవునవును అని తలాడిస్తున్నాడు. పవన్ వినీలని అమాంతం ఎత్తి స్టేజీ మీద గిర్రున తిప్పాడు. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియడం లేదు. అమ్మ ఒళ్లో కూర్చున్న రోజు నుంచి తను మోస్తున్నదాన్ని ఇప్పుడు ఇంతమంది అందుకుని మోస్తున్నారు.

లైట్లు వెలిగాయి. అరుపులు సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. నాగభూషణరావు కుర్చీ దిగి స్టేజీ ఎక్కాడు. మైకు అందుకున్నాడు.

“ఈ ముక్క ఎందుకు మాకు పడలేదో నాకు ఇప్పుడు తెలిసిందండీ” అన్నాడు. “ఆ రోజు నాలుగు ఆటలే వేస్తామన్నారు. కాదు, మా హీరోకి అయిదు పడాల్సిందే, లేకపోతే ధర్నా చేస్తామని పట్టుబట్టింది నేను. టైము చాలదండీ అన్నాడు ఆపరేటరు. నేనేమన్నానో తెలుసా? ‘ఆఖర్న ఏముంటుందయ్యా, పేర్లేగా పడేది, ఆ రీలు ఆపెయ్’ అన్నాను. నా హీరో నదిలో ఈదుకుంటూ వచ్చే సీను నేనే ఆపించానండీ. ఆపించి, రాలేదని సీట్లు చింపాను.”

వినీల దగ్గరికి వెళ్లి ఆయన చేతిమీద చేయి వేసింది.

“మీరు అంత ప్రేమించకపోతే అయిదో ఆట అడిగేవారే కాదు బాబాయిగారూ.”

“నువ్వు గెలిచావమ్మా” అన్నాడాయన. తర్వాత మైకులో గట్టిగా, “ఓటింగ్ లేదు! చీటీలు ఎటూ చింపేశాం! వచ్చే శుక్రవారం నుంచి ‘అవతలి గట్టు’. పూర్తిగా! ఆఖరి పేరు దాకా! కటౌట్ నాది, దండ నాది!”

మళ్లీ పైకప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. ఇందిరగారు ప్రొజెక్టర్ రూము కిటికీలోంచి రెండు చేతులూ ఊపారు. ఆమె థియేటర్లో అలాంటి మోత విని ఎన్నాళ్లయిందో.

వినీల స్టేజీ దిగి తలుపువైపు పరిగెత్తింది. గెలిస్తే వచ్చి పిలవమన్నాడు కదా. కానీ పిలవాల్సిన పని లేకపోయింది. వెనక తలుపు దగ్గర, కర్టెన్ పట్టుకుని ప్రకాశరావు నిలబడి ఉన్నాడు. ఆ మొదటి ఈల కారు దాకా వినిపించి ఉంటుంది. కాదు, అంతకు ముందే వచ్చాడని ఆయన మొహం చూస్తే తెలుస్తోంది. గాలి మోత దగ్గర్నుంచీ అక్కడే ఉన్నాడు.

“సార్!” అని అరిచింది వినీల. “సార్ వచ్చారు!”

హాలంతా వెనక్కి తిరిగింది. ఒకరి తర్వాత ఒకరు లేచారు. అదే ఊరు, అదే హాలు. ఒకనాడు ఆయన తల వంచుకుని వెళ్లిపోయిన ఆ దారికి రెండువైపులా ఇప్పుడు జనం నిలబడి చప్పట్లు కొడుతున్నారు. నాగభూషణరావు ఆ దారిలో గబగబా నడిచి వచ్చి, ఆయన ఎదుట ఆగి, చేతులు జోడించాడు. ప్రకాశరావు ఆ జోడించిన చేతులు పట్టుకుని కిందికి దించాడు. ఇద్దరూ ఒకే వయసువాళ్లు. ఇద్దరి కళ్లూ తడిసి ఉన్నాయి.

“మీరు చింపిన సీట్లకి నేను ఏనాడూ మిమ్మల్ని తప్పు పట్టలేదండీ” అన్నాడు ప్రకాశరావు. “సినిమాలో ఏదో లోపం ఉంది, అదేమిటో నాకు తెలియలేదు అనుకున్నాను. ఇవాళ తెలిసింది.”

“ఏం లోపం సార్? ఇంత బాగుంటే!” అంది వినీల.

ప్రకాశరావు తెరవైపు చూశాడు. తెర ఇప్పుడు ఖాళీగా ఉంది. ఆయన మాత్రం అక్కడ ఇంకా ఏదో కనిపిస్తున్నట్టు చూస్తూనే ఉన్నాడు. తర్వాత ఆమెకి మాత్రమే వినిపించేంత మెల్లగా అన్నాడు.

“నేను తీసిన సినిమా లాంచీ వెళ్లిపోవడంతో అయిపోయిందమ్మా. గట్టు మీద నాంచారి, అంతే. గుడివాడ చూసిందే నా సినిమా.”

వినీలకి అర్థం కాలేదు. “మరి గాలివాన?”

“ఆ గాలివాన నేను తీయలేదు. ఆ పడవ, ఆ రక్తం, అతను ఈదుకుంటూ రావడం, ఏదీ నేను తీయలేదు. అలాంటి ముక్క ఒకటి ఉందని ఈ నిమిషం దాకా నాకు తెలియదు.” ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ముసలి వేళ్లలో అంత బలం ఎక్కడిదో. “నేను తీసినదానికంటే బాగుంది. చాలా బాగుంది. నా సినిమాని నాకంటే బాగా ముగించిన ఆ మనిషి ఎవరమ్మా?”